యాలాల్ మీద నల్లమబ్బు, కుడివైపు మూసిన ఆకాశం

మీ కుడి అరచెయ్యి రెండు థ్రస్ట్ లీవర్ల మీద ఉంది. ఎడమ చెయ్యి కంట్రోల్ కాలమ్‌ను పట్టుకుని ఉంది. ముందర శంషాబాద్ ప్రధాన రన్‌వే, 4,260 మీటర్లు, నేరుగా పడమరకు. దాని చివర వేడికి గాలి అలలాడుతోంది. ఆ అలలకు అవతల, చాలా దూరాన, ఆకాశం కింది అంచు నల్లబడి ఉంది. మీరు చూశారు. పక్క సీట్లో ఉన్న ఫస్ట్ ఆఫీసర్ కూడా చూసింది. ఇద్దరూ ఇంకా ఆ మాట ఎత్తలేదు.

మృగశిర కార్తె వచ్చింది. సాయంత్రం నాలుగున్నర. మీ వెనక బోయింగ్ 777లో మూడువందల యాభై మంది. జగిత్యాల నుంచి, కామారెడ్డి నుంచి, సిరిసిల్ల నుంచి తెల్లవారుజామునే బయల్దేరి వచ్చినవాళ్లు. రేపు పొద్దున దుబాయ్‌లో డ్యూటీ ఎక్కాల్సినవాళ్లు. పై అరల్లో పచ్చడి డబ్బాలు, సకినాల సంచులు కుక్కి ఉన్నాయి.

ఇది ఏదో ఒక తేదీన జరిగిన ప్రయాణం కాదు. తొలకరిలో ఏ సాయంత్రమైనా ఈ సీట్లో కూర్చున్నవాళ్లకు ఎదురుకాగల ప్రయాణం. ఈ పూటకు కెప్టెన్ మీరే.

టవర్ నుంచి మాట వస్తుంది. పడమటి గాలి, పన్నెండు నాట్లు, టేకాఫ్‌కు అనుమతి. లీవర్లు ముందుకు తోస్తారు. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. రెండువందల యాభై టన్నుల పైచిలుకు బరువు కదలడానికి కాసేపు బెట్టు చేస్తుంది. తర్వాత సీటు మీ వీపును నెడుతుంది. మధ్యగీతలోని తెల్లచారలు ఒక్కటై పరుగెడతాయి.

"వీ వన్," అంటుంది విమానం గొంతు.

ఆ మాట వినగానే కుడి చెయ్యి లీవర్ల మీది నుంచి తీసేయాలి. ఇక ఆగడం లేదు. ఇప్పుడు ఇంజన్ ఒకటి పోయినా ఎగరాల్సిందే. పెద్ద విమానం మీకు ఇచ్చే ప్రతి అవకాశానికీ ఒక గడువు ఉంటుంది. గడువు దాటాక చెయ్యి తీసేయడమే పని.

"రొటేట్."

ముక్కు లేస్తుంది. నేల జారిపోతుంది. కుడిపక్క హిమాయత్‌సాగర్ నీళ్లు ఒక్కసారి మెరుస్తాయి.

ఇంతకన్నా ఎంతో బరువైనవి ఇక్కడి నుంచి లేచాయి. 2016 మే నెలలో ప్రపంచంలోకెల్లా పెద్ద విమానం, ఆంటనోవ్ ఏఎన్-225 మ్రియా, ఈ విమానాశ్రయంలో దిగింది. మన దేశంలో అది దిగడం అదే మొదలు. ఆరు ఇంజన్లు, 88 మీటర్ల రెక్కలు, కడుపులో ప్రేగ్ నుంచి పెర్త్‌కు మోసుకెళ్తున్న 117 టన్నుల జనరేటర్. ఇంధనం పోసుకుని మళ్లీ లేచి వెళ్లిపోయింది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైన రోజుల్లో హొస్తొమెల్ విమానాశ్రయంలో నాశనమైంది. అది ఇక్కడ దిగినప్పుడు చూడ్డానికి శంషాబాద్ దారిలో నిలబడ్డవాళ్లు ఇప్పటికీ ఆ సంగతి చెబుతారు. కానీ పెద్ద విమానానికి అసలు పరీక్ష రన్‌వే మీద కాదు. లేచిన పది నిమిషాల్లో వస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న తెర చూడండి. వాతావరణ రాడార్. ఆకుపచ్చ అంటే మామూలు వాన. పసుపు అంటే జాగ్రత్త. ఎరుపు అంటే వెళ్లకూడదు. మీ దారికి అడ్డంగా ఎరుపు ఉంది. దాని నడుమ ఊదారంగు చుక్కలు పుడుతున్నాయి.

"సర్, తాండూరు మీద పెద్ద సీబీ," అంటుంది ఫస్ట్ ఆఫీసర్.

సీబీ అంటే క్యుములోనింబస్. ఉరుముల మేఘం. శంషాబాద్ రన్‌వే గీతను పడమటికి తొంభై కిలోమీటర్లు పొడిగిస్తే తాండూరు తగులుతుంది. దాన్ని ఆనుకుని యాలాల్. కాగ్నా ఒడ్డున కందిచేలు, బండల గనులు, సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. ఈ గడియన వాటి మీద మీ కిటికీలోంచి కనిపిస్తున్నది ఒక గోడ. అడుగున సిరా నలుపు, నడుమ బూడిద రంగు, పైన ఎండ తగిలి తెల్లగా ఉడుకుతున్న తల. ఆ తల యాభై వేల అడుగుల దాకా పోయింది. దాని మీదుగా దాటిపోతే? మీ విమానం గరిష్ఠ ఎత్తు 43,100 అడుగులు. ఇప్పుడున్నది తొమ్మిది వేలు. ఆ దారి లేదు.

ఎడమకు చూస్తారు. కొడంగల్ మీద ఇంకో ఎర్రమచ్చ, చిన్నది, పెరుగుతోంది. రెంటికీ నడుమ పదిహేను కిలోమీటర్ల సందు. కుడికి చూస్తారు. వికారాబాద్ దాటి జహీరాబాద్ వైపు తెర నల్లగా ఉంది. రాడార్ మీద నలుపు అంటే తేటగాలి. కిటికీలోంచి చూసినా అటు నీలమే.

కుడికి తిరిగితే సరిపోతుంది. ఎవరైనా అదే అనుకుంటారు. మీ చెయ్యి కూడా హెడింగ్ నాబ్ మీదికి పోతుంది.

ఆగండి.

ఆ నీలం మీది కాదు. తాండూరుకు ఉత్తరాన, సూటిగా కొలిస్తే డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బీదర్. అక్కడ భారత వైమానిక దళం స్టేషన్ ఉంది. యుద్ధవిమానాలు నడపబోయే కుర్రవాళ్లు 2008 నుంచి హాక్ జెట్ల మీద అక్కడే చెయ్యి తిప్పుకుంటున్నారు. నగరానికి ఉత్తరాన దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ, దాని పక్కన హకీంపేట. ఈ స్టేషన్లన్నిటికీ చుట్టూ శిక్షణ కోసం కేటాయించిన గగనతలం ఉంటుంది. చార్టులో గీతలు గీసి, ఎంత ఎత్తు నుంచి ఎంత ఎత్తు దాకా అన్నది రాసి ఉంటుంది. పొలం గట్టుకైనా హద్దురాయి ఉంటుంది. ఈ హద్దుకు మీ చార్టులో గీత తప్ప బయట గుర్తు లేదు. తెలియక దాటితే అవతల గంటకు ఎనిమిదివందల కిలోమీటర్ల వేగంతో, మెలికలు తిరుగుతూ, గురువు కేకలు వింటూ వస్తున్న ఇరవై రెండేళ్ల కుర్రాడు ఉండొచ్చు.

మైకు నొక్కుతారు. "హైదరాబాద్ రాడార్, వాతావరణం కారణంగా కుడికి ఇరవై మైళ్లు తప్పుకోవడానికి అనుమతి కావాలి."

"స్టాండ్‌బై."

విమానం నిమిషానికి పన్నెండు కిలోమీటర్లు పోతోంది. స్టాండ్‌బై అన్న మాటకు పన్నెండు కిలోమీటర్లు ఖర్చు.

ఏం జరుగుతోంది అవతల? శంషాబాద్‌లో ఒక కంట్రోలర్ హాట్‌లైన్ ఎత్తాడు. బీదర్‌లో ఇంకో కంట్రోలర్ పలికాడు. అదే మబ్బు ఆయనకూ కనిపిస్తోంది. గాల్లో ఉన్న శిక్షణ విమానాలను ఒక్కొక్కటిగా దించుకుంటున్నాడు. వాటికి ఇంధనం తక్కువ, నడిపేవాళ్లకు అనుభవం తక్కువ. వాళ్ల బతుకులూ బతుకులే. 2023 డిసెంబర్ 4న దుండిగల్ నుంచి లేచిన పిలాటస్ శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర కూలి గురువూ శిష్యుడూ ఇద్దరూ పోయారు. ఆ కుర్రాళ్ల దారిలోకి మూడువందల యాభై మందితో ఉన్న విమానాన్ని అడగ్గానే పంపించేయలేరు.

అయినా పంపకపోతే ఏమవుతుందో కూడా ఈ దేశానికి తెలుసు. 1996 నవంబర్ 12, సాయంత్రం. ఢిల్లీ నుంచి సౌదీ బోయింగ్ 747 లేచింది. కజకిస్తాన్ ఇల్యూషిన్-76 దిగుతోంది. ఢిల్లీ చుట్టూ ఆకాశంలో ఎక్కువ భాగం వైమానిక దళం చేతిలో ఉండడంతో వచ్చేవాటికీ పోయేవాటికీ ఒకటే సన్నటి దారి. ఒకటి 14,000 అడుగుల్లో, ఇంకొకటి 15,000 అడుగుల్లో, ఎదురెదురుగా. నడుమ వెయ్యి అడుగులు. కజక్ విమానం తన ఎత్తు వదిలి కిందికి జారింది. చర్ఖీ దాద్రీ పొలాల మీద 349 మంది చనిపోయారు. ఒక్కరు కూడా మిగల్లేదు. జారిన తప్పు ఆ సిబ్బందిదే. కానీ ఎదురెదురుగా నడిపించిన దారి ఇరుకు. ఆ తర్వాతే రాకకూ పోకకూ వేర్వేరు దారులు వచ్చాయి. ఎదుటి విమానాన్ని పసిగట్టి హెచ్చరించే పరికరం మన ఆకాశంలో తప్పనిసరి అయింది. అది ఇప్పుడు మీ తెర మీదా వెలుగుతోంది. చిన్న చిన్న వజ్రం గుర్తులు.

"సర్, ఇంకా జవాబు లేదు."

కింద వికారాబాద్ అడవులు. అనంతగిరి కొండలు, మూసీ పుట్టిన చోటు. కుడివైపు కిందికి, బంట్వారం దిక్కు, చూడొద్దనుకున్నా కళ్లు పోతాయి. 2019 అక్టోబర్ 6న సుల్తాన్‌పూర్ చేలలో ఒక సెస్నా కూలింది. శిక్షణలో ఉన్న ఇద్దరు యువ పైలట్లు. వాతావరణం చెడిన పూట. ఈ నేల మీది మబ్బు ఏం చేయగలదో ఈ ఊళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"రాడార్, మళ్లీ అడుగుతున్నాం. వెదర్ డీవియేషన్ రిక్వైర్డ్."

ఈ మూడు మాటలు ఊరికే వాడరు. అంతర్జాతీయ నియమాల్లో వీటికి అర్థం ఉంది: మా మాటకు ముందు వరస ఇవ్వండి.

జవాబు వెంటనే వస్తుంది. "కుడికి కుదరదు. మిలిటరీ ట్రాఫిక్ ఉంది. ఎడమకు ఎంతైనా తీసుకోండి."

ఇప్పుడు నిర్ణయం మీది. పదిహేను వేల అడుగులు. మబ్బు అంచు ఇక ముప్పై కిలోమీటర్లే.

నేరుగా, ఆ సందులోంచి? రెండు మచ్చల నడుమ కంటికి వెలుతురు కనిపిస్తోంది. ఆశ పెట్టే వెలుతురు అది. ఇందాక పదిహేను కిలోమీటర్లున్న సందు ఇప్పుడు పది. మొదటి వాన రాడార్ కిరణాన్ని మింగేస్తే దాని వెనకున్న వాన తెర మీద కనిపించదు. ఎండు వడగళ్లు సరిగా కనిపించవు. భారీ ఉరుముల మేఘానికి ఇరవై నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్లు, దూరంగా ఉండమని పైలట్లకు నేర్పుతారు. ఎందుకంటే అది పక్కనున్న తేటగాలిలోకి కూడా వడగళ్లు విసురుతుంది.

2025 మే 21 గుర్తుకొస్తుంది. ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం, 220 మందికి పైగా. పఠాన్‌కోట్ దగ్గర వడగళ్ల మేఘం. ఎడమకు, సరిహద్దు వైపు, తప్పుకుంటామని వైమానిక దళం నడిపే నార్తర్న్ కంట్రోల్‌ను అడిగారు. కుదరదన్నారు. లాహోర్‌ను అడిగారు. వాళ్లూ కాదన్నారు. వెనక్కి తిరగాలనుకునేసరికి మేఘం మీదికి వచ్చేసింది. లోపలికే వెళ్లారు. ఒక దశలో నిమిషానికి 8,500 అడుగుల వేగంతో కిందికి పడింది. ముక్కు పగిలింది. విమానం శ్రీనగర్‌లో దిగింది, అందరూ బతికారు. ఆ పైలట్ల స్థానంలో మనం లేం. వాళ్లకు మూడు తలుపులూ మూసుకున్నాయి. మీకింకా ఒకటి తెరిచే ఉంది.

వెనక్కి? ఈ వేగంలో, ఈ ఎత్తులో, పెద్ద విమానం తిరిగే వంపు వ్యాసార్ధం ఇంచుమించు తొమ్మిది కిలోమీటర్లు. పూర్తిగా వెనక్కి తిరగడానికి పద్దెనిమిది కిలోమీటర్ల వెడల్పు ఖాళీ ఆకాశం కావాలి. అది కూడా కరిగిపోతోంది.

ఎడమ. నారాయణపేట వైపు నుంచి చుట్టూ. ఒకటిన్నర టన్ను ఇంధనం ఎక్కువ. పది నిమిషాలు ఆలస్యం.

"ఎడమకే," అంటారు. "క్యాబిన్ సిబ్బందిని కూర్చోమనండి. ఇప్పుడే."

నాబ్ తిప్పుతారు. రెక్క వాలుతుంది.

ఎడమ మచ్చ పెరిగింది. పరిగి వైపు జరిగింది. అనుకున్నదానికన్నా ముందే.

వెలుతురు పోతుంది.

వేగం 270 నాట్లకు దించుతారు. కుదుపుల్లో ఈ విమానానికి అదే తగిన వేగం. భుజాల పట్టీలు బిగిస్తారు.

మొదటి దెబ్బ.

కాళ్లు పెడల్స్ మీది నుంచి లేస్తాయి. ఎక్కడో వెనక సామాను పడిన చప్పుడు. ఎవరో అరిచారు.

రెండో దెబ్బ.

అంకెలు చదవలేకపోతున్నారు. తెర వణుకుతోంది. అద్దం మీద వాన కాదు. టక్. టక్. టక్. గట్టిగా. తెల్లగా.

వడగళ్లు.

"ఎత్తు?"

"పోతోంది సర్. మూడువందలు కింద."

లాగొద్దు. ఎత్తు వెనకాల పోవద్దు. రెక్కలు సమంగా ఉంచండి. ముక్కు సమంగా ఉంచండి. అంతే. అంతే చాలు.

మెరుపు. అంతా తెలుపు. ఏమీ కనిపించదు. ఒకటి. రెండు. మళ్లీ తెర కనిపిస్తుంది. ఎర్రమచ్చ కుడివైపు ఉంది. వెనక్కి జరుగుతోంది. జరుగుతోందా? జరుగుతోంది.

హెడ్‌సెట్‌లో గొంతు. "కుడివైపు ఇప్పుడు ఖాళీ అయింది. బీదర్ విమానాలు దిగిపోయాయి. కుడికి ఇరవై మైళ్లు తీసుకోవచ్చు. కావాలా?"

ఫస్ట్ ఆఫీసర్ మీ వైపు చూస్తుంది.

మీరు అడిగిన ఆకాశం. అడిగినంత. రెండు నిమిషాల ముందు వచ్చి ఉంటే ఈ వడగళ్లు మీకు తగిలేవి కావు. ఇప్పుడు దాని కోసం కుడికి తిరిగితే తప్పించుకుంటున్న మేఘం కడుపులోకే వెళ్లాలి.

"వద్దు," అంటారు. "ఎడమకే వెళ్తాం."

ఇంకో కుదుపు. చిన్నది. ఇంకోటి. ఇంకా చిన్నది. బూడిద రంగు పలచబడుతుంది. ఒక్కసారిగా ఎండ కాక్‌పిట్ నిండా పడుతుంది. కింద మహబూబ్‌నగర్ చెరువులు. మీ చొక్కా వీపుకు అంటుకుపోయి ఉందని అప్పుడు తెలుస్తుంది.

క్యాబిన్ నుంచి ఇంటర్‌కమ్ మోగుతుంది. ఒకాయన బెల్టు తీసి బాత్రూమ్‌కు లేచాడట, తల పైఅరకు తగిలింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. ముక్కు మీద రంగు లేచిపోయి ఉంటుంది. దుబాయ్‌లో దిగాక ఇంజనీర్లు నిచ్చెన వేసి చూస్తారు. మీరు నివేదిక రాస్తారు.

ఏం రాస్తారు? ఎవరు తప్పు చేశారు? బీదర్ కంట్రోలర్ తన కుర్రాళ్లను ముందు దించుకున్నాడు. అది తప్పు కాదు. శంషాబాద్ కంట్రోలర్ అడిగాడు, జవాబు రాగానే చెప్పాడు. అతనిదీ తప్పు కాదు. మీరు వెళ్లకూడని గీత దాటలేదు, పోకూడని సందులో దూరలేదు. అందరూ తమ పని సరిగా చేసినా వడగళ్లు తగిలాయి. జవాబు వచ్చింది, కానీ రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పెద్ద విమానానికి రెండు నిమిషాలంటే దాదాపు పాతిక కిలోమీటర్లు.

ఆ రెండు నిమిషాలు సంపాదించవచ్చు. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ఈ దేశ గగనతలంలో 60 శాతమే పౌర విమానాలకు స్వేచ్ఛగా అందుబాటులో ఉందని 2020 మే నెలలో ఆర్థికమంత్రే చెప్పారు. ఆంక్షలు సడలిస్తామన్నారు. దగ్గరి దారులు దొరికితే ఏడాదికి వెయ్యి కోట్ల రూపాయలు ఆదా అన్నారు. ఆదా మంచిదే. కానీ ఉరుముల సాయంత్రం ఈ లెక్క రూపాయల్లో వేయకూడదు. సైన్యం వాడని వేళల్లో వాళ్ల ఆకాశాన్ని పౌర విమానాలకు తెరిచే పద్ధతి మనకు ఇప్పటికే ఉంది. దాన్ని దూరం తగ్గించడానికి వాడినంత శ్రద్ధగా మబ్బు తప్పించడానికీ వాడాలి.

కాబట్టి ఈ సీట్లోంచి దిగేముందు, నిర్ణయాలు తీసుకునే పెద్దలకు ఈ మాట చెప్పండి. తాండూరు మీద మబ్బు విమానం లేవకముందే రాడార్‌లో కనిపిస్తుంది. నాలుగున్నరకు లేవబోయే విమానం ఏ దారిన పోతుందో పొద్దున్నే తెలుసు. శిక్షణ విమానాలు ఎప్పటికి దిగుతాయో బీదర్‌కు తెలుసు. ఈ మూడు సంగతులూ విమానం ఇంకా గేటు దగ్గర ఉండగానే ఒకచోట కలవాలి. కుడివైపు ఎన్నింటికి ఖాళీ అవుతుందో లేవకముందే చెబితే, కెప్టెన్ ఐదు నిమిషాలు నేల మీదే ఆగుతాడు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా, మబ్బు పట్టిన ప్రతి సాయంత్రం, ఎవరూ అడగక్కర్లేకుండా ఇది జరగాలి. ఢిల్లీకి రెండో దారి రావడానికి ముందు 349 మంది పోయారు. హైదరాబాద్ పడమటి దారికి అంత వెల కట్టకండి.

మీరు ప్రయాణికులైతే, గల్ఫ్ విమానంలో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లయితే, మీకొక్కటే విన్నపం. లేచిన పది నిమిషాలకు విమానం అనుకోకుండా ఎడమకు వాలితే, బాత్రూమ్‌కు లేవకండి. బెల్టు బిగించుకోండి.